గానుగ అందుకున్న పొద్దు

కాలిన మోటారు మోసుకొని నా షాపుకొచ్చే ప్రతి మనిషీ మొదట చెప్పేది ఒకటే మాట. "మేస్త్రీ, నేనేం చెయ్యలే." పుంగనూరులో ఇరవై రెండేళ్లుగా మోటార్లకు తీగ చుడుతున్నాను, ఈ మాట వినని వారం లేదు. వింటే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. "నువ్వేం చెయ్యకపోతే అదే సరదాపడి కాలిందా?" అని కసురుతాను. మోటారు దానంతట అది కాలదు. రెండు ఫేజుల మీద నడిపి ఉంటాడు, నీళ్లు లేని బోరులో తిప్పి ఉంటాడు, బేరింగు నెల రోజులుగా కూస్తుంటే చెవిన పెట్టకుండా ఉంటాడు. విప్పితే నల్లబడిన తీగలే అంతా చెప్పేస్తాయి. నా నోరు మంచిది కాదని ఊరంతా అంటుంది, అందరికంటే ముందు నా భార్య విజయమ్మ అంటుంది. అయినా, సుబ్రమణ్యం మేస్త్రీ చూసి చెప్పాడంటే ఇక తిరుగు లేదని కూడా ఆ జనమే అంటారు.

ఒక్కచోట తప్పాను. ఆ సంగతి ఇంతవరకు విజయమ్మకు కూడా చెప్పలేదు.

అది రెండువేల మూడు, ఫిబ్రవరి. వరుసగా వానలు ఎగ్గొట్టిన కాలం. సదుం దాటి మూడు మైళ్లు లోపలికి పోతే ఒక పల్లె ఉంది. ఆ పల్లె నుంచి నరసింహప్ప అనే రైతు నా షాపుకొచ్చాడు. కాలిన మోటారేమీ తేలేదు, ఉత్త చేతులతో వచ్చాడు. యాభై దగ్గరపడ్డ మనిషి, నెమ్మది. నేను ఇద్దరు ముగ్గురు రైతుల మీద అరుస్తుంటే నా అరుపులు అయ్యేదాకా గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు.

"మేస్త్రీ, నాకొక పని ఉండాది. గానుగకు మోటారు కట్టల్ల," అన్నాడు.

ఆయనకు ఎకరంన్నర చెరకు ఉంది. చెరకు ఆడించి బెల్లం వండుకోవడానికి తండ్రి నాటి ఇనప గానుగ ఒకటి ఉంది. మూడు రోలర్లు, పక్కన నిలువెత్తు చక్రం. దాన్ని ఇన్నాళ్లూ డీజిలు ఇంజనుతో తిప్పేవాడు. ఆ ఇంజను లోపల క్రాంకు విరిగి మూలపడింది. బాడుగకు గానుగలు తిప్పేవాళ్లు ఆ ఏడు చుట్టుపక్కల ఎక్కడా రాలేదు, చెరకే లేనప్పుడు వాళ్లెందుకు వస్తారు? ఉన్నదల్లా ఈయన ఎకరంన్నరే. బోరులో నీళ్లు అడుగంటుతున్నాయి, మహా అయితే ఇంకొక నెల.

"ఈ బెల్లం సేతికొస్తే బోరు ఇంకొంచెం లోతుకు దింపించుకుంటా. రాకుంటే నేనూ నంజమ్మా కుప్పం పోవల్ల, రాళ్ల ఫ్యాక్టరీకి. ఆ వయసేనా మేస్త్రీ మాది?" అన్నాడు.

ఏడవలేదు, బతిమాలలేదు. పొద్దున అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా అడిగాడు. అందుకే కాబోలు నేను కసురుకోలేకపోయాను. మదనపల్లెలో సెకండుహ్యాండు పది హార్స్‌పవర్ మోటారు ఒకటి నేనే పోయి చూసి, విప్పి, తీగ బాగుందని తేల్చుకొని ఇప్పించాను. బస్సు మీద వేయించుకొని తీసుకుపోయాడు.

గానుగ దగ్గర దిమ్మె కట్టి మోటారు బిగించాను, పుల్లీ ఎక్కించాను, బెల్టు తగిలించాను. బటన్ నొక్కితే మోటారు మూలిగింది. పెద్ద చక్రం పావు వంతు తిరిగి ఆగిపోయింది. ఇంకోసారి నొక్కాను. మళ్లీ మూలుగే. చూడవచ్చిన నలుగురు మగాళ్లు పంచెలు ఎగ్గట్టి బెల్టు చేత్తో లాగడానికి వచ్చారు. మా వైపు ఇదొక జబ్బు. మోటారు అందుకోకపోతే బెల్టు పట్టుకొని లాగుతారు, అందుకున్నాక వేళ్లు ఎక్కడున్నాయో వెతుక్కుంటారు. "దూరం పోండప్పా, సేతులు వద్దా మీకు?" అని తరిమేశాను.

మీటరు పెట్టి చూస్తే రెండు వందల ఎనభై ఓల్టులు. నాలుగు వందలకు పైన ఉండాల్సింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మోటారుకు తిప్పే బలం అని ఒకటి ఉంటుంది. ఐటీఐలో దాన్ని టార్కు అని నేర్పారు, షాపుల్లో మేము లాగుడు అంటాం. ఆగి ఉన్న బరువును కదిలించడానికి కావలసిన లాగుడు వేరు, కదిలినదాన్ని తిరుగుతూ ఉంచడానికి కావలసింది వేరు. ఆ చక్రం, ఆ రోలర్లు ఒకసారి వేగం అందుకుంటే వాటి బరువే వాటిని సగం తిప్పుతుంది. అందుకునేదాకానే చావు. ఓల్టేజి తగ్గితే లాగుడు ఆ లెక్కన తగ్గదు, అంతకంటే అన్యాయంగా తగ్గుతుంది. ఓల్టేజి సగమైతే లాగుడు సగం కాదు, పావు అవుతుంది. రెండు వందల ఎనభైలో పది హార్స్‌పవర్ మోటారు ఐదు కూడా కాదు.

ఓల్టేజి అంత పడిపోవడానికి కారణం కళ్లెదుటే ఉంది. ఆ పల్లె పొలాలకంతా ఒకటే ట్రాన్స్‌ఫారం. పన్నెండు పంపుసెట్లకు సరిపోయే దాని మీద ఈయనది కాక పంతొమ్మిది ఉన్నాయి. ఫ్యూజు తీగలు ఎప్పుడో తీసేసి లావుపాటి అల్యూమినియం తీగలు చుట్టి పెట్టారు. నరసింహప్ప పొలం లైనుకు చిట్టచివర. అంతమంది తాగినాక మిగిలిన నీళ్లు చివరి మడికి వచ్చినట్టు కరెంటు ఈయనకు వస్తోంది.

"అయితే కాదంటావా మేస్త్రీ?" అన్నాడు నరసింహప్ప.

"నేను అన్నానా కాదని? నోరు మూసుకొని ఉండు రోంత సేపు, ఆలోచించనీ," అన్నాను.

ఆలోచించాను. పొలాలకిచ్చే త్రీ ఫేజు కరెంటు ఆ వారం పొద్దున ఆరుకు వస్తుంది, పన్నెండుకు పోతుంది. ఆరుకు రాగానే పంపులన్నీ ఆగి ఉంటాయి కాబట్టి లైనులో ఓల్టేజి నిండుగా ఉంటుంది. ఆ నిమిషంలో ఒక్క గానుగ మాత్రం స్టార్టు కావాలి. అది వేగం అందుకుంటే తర్వాత ఓల్టేజి కొంచెం పడినా నడిచిపోతుంది. అంటే పంతొమ్మిది మంది రైతులు రెండు నిమిషాలు చేతులు కట్టుకొని కూర్చుంటే చాలు. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

ఆ సాయంత్రం మునెప్ప కొట్టంలో అందరినీ కూర్చోబెట్టాం. మునెప్ప ఊరికి పెద్ద, నరసింహప్పకు వరసకు చిన్నాన్న. నేను విషయం చెప్పాను. మొదట గొణిగారు. బోర్లలో ఊరిన నీళ్లు పొద్దున్నే తోడుకోకపోతే పక్కవాడి బోరు లాగేస్తుందని ప్రతివాడికీ భయం.

"రెండు నిమిషాలకు ఏం పోతాదప్పా?" అన్నాడు మునెప్ప. "ఎవురింట్లోనన్నా సావంటే పూటంతా ఆగల్యా మనం?"

చెంగమ్మ అని ఒకామె ఉంది, మొగుడు పోయాక అరెకరం టమేటా ఒక్కతే చేసుకుంటోంది. ఆమె లేచి అడిగింది. "నాకు గడియారం లేదు మేస్త్రీ. రెండు నిమిషాలని నాకెట్ల తెలస్తాది? నేను ముందే ఏసేస్తే, పాపం, ఆయప్పకు నా వల్ల నష్టం రాదా?"

మంచి ప్రశ్న అడిగింది. నేను ఇంకా మంచి జవాబు చెప్పానని అనుకున్నాను.

"గడియారం యాల నీకు? గానుగ చప్పుడు ఊరంతా ఇనపడ్తాది. అది గుయ్యిమని అందుకున్నెంక ఏసుకో. అందరికీ అదే మాట. గానుగ అందుకున్న చప్పుడు ఇనేదాకా ఎవురూ బటన్ మీద సెయ్యి పెట్టగూడదు."

మునెప్ప గంగమ్మ పటం ముందు పళ్లెంలో కర్పూరం వెలిగించాడు. మాట మీద ఉంటామని ఒక్కొక్కరూ వచ్చి దాన్ని అరచేత్తో ఆర్పారు. ఒకరు ఆర్పగానే ఆయన ఇంకో బిళ్ల వెలిగించాడు. అట్లా పంతొమ్మిది బిళ్లలు. నరసింహప్ప ఒక మూలన నిలబడి తుండుగుడ్డతో ముఖం తుడుచుకుంటూ ఉండిపోయాడు. మొగుడి వెనక నంజమ్మ అందరికీ దండం పెట్టింది. ఆ రోజు ఆ ఊరు నాకు నచ్చింది, ఎందుకు దాచాలి?

అయ్యాక నరసింహప్పతో, "రేపంతా చెరకు కొట్టించు. ఎల్లుండి పొద్దున్నే ఆడిస్తాం," అన్నాను.

నంజమ్మ అడ్డుపడింది. "ముందు గానుగ ఒకసారి తిరిగేది సూసుకొని కొడితే బాగుంటాదేమో నాయనా. కొట్టినెంక మూడు దినాలకు పులిసిపోతాది కదా."

ఆమె చెప్పిందాంట్లో తప్పేముంది? ఏమీ లేదు. కానీ అంతమంది ఎదుట నా లెక్కను ఒక ఆడమనిషి అనుమానించిందని నాకు రోషం పొడుచుకొచ్చింది.

"నా మాట మీద నమ్మకం లేకుంటే ఇంకో మేస్త్రీని సూసుకోండమ్మా. పుంగనూరులో మస్తుగా ఉండారు," అన్నాను.

నరసింహప్ప ఆమె వైపు చూసి చెయ్యి ఊపాడు, ఊరుకోమని. మరునాడు ఎకరంన్నరలో ముక్కాలెకరం కొట్టించాడు. పొద్దుగూకేసరికి గానుగ పక్కన నా ఎత్తున చెరకు మోపులు పడ్డాయి.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, ఎటూ చెబుతున్నప్పుడు. స్టార్టరులో రిలే అని ఒకటి ఉంటుంది, మోటారు ఎక్కువసేపు కష్టపడితే అదే కరెంటు ఆపేస్తుంది. పెద్ద చక్రం వేగం అందుకోవడానికి ఇరవై సెకన్లు పడుతుంది, అంతలోపల రిలే ఊరుకోదు. అందుకని దాన్ని రాగితీగతో కట్టేశాను. అందరం చేసే పనే. ఇంకెవడన్నా చేసి ఆ మోటారు నా దగ్గరకు తెచ్చుంటే వాణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేవాణ్ణి.

చెరకు కొట్టించిన మర్నాడు పొద్దున ఆరుకు ముందే నేనూ నరసింహప్పా నంజమ్మా గానుగ దగ్గరున్నాం. మిగతావాళ్లు తమ తమ బోర్ల దగ్గర, స్టార్టరు పెట్టెలు తెరుచుకొని నిలబడ్డారు. మంచు ఇంకా వదల్లేదు. నంజమ్మ మోటారుకు పసుపు రాసి కుంకుమ పెట్టింది, బెల్లం వండే పెనం కింద పొయ్యిలో ఎండు చెరకు పిప్పి కూరి సిద్ధంగా ఉంచింది. ఆరు దాటి ఐదు నిమిషాలకు షెడ్డులో బల్బు తెల్లగా వెలిగింది. మీటరు చూశాను. నాలుగు వందల పది. నా సర్వీసులో ఏ పల్లెలోనూ అంత ఓల్టేజి చూడలేదు. చుట్టూ పొలాల్లో ఒక్క పంపు చప్పుడు లేదు. పంతొమ్మిది మందీ ఆగారు.

బటన్ నొక్కాను.

మోటారు మూలిగింది. బెల్టు సాగి, జారి, పట్టుకుంది. చక్రం కదిలింది. ఒక చుట్టు. నెమ్మదిగా ఇంకో చుట్టు. నేను మనసులో అంకెలు లెక్కపెడుతున్నాను. పది దగ్గర దాని ఆకులు కలిసిపోయి కనబడ్డాయి. పదిహేను దగ్గర మూలుగు పోయి గుయ్యిమనే చప్పుడు మొదలైంది, ఇరవైకి ఆ చప్పుడు నిలకడ పడింది. గానుగ అందుకుంది.

నరసింహప్ప నవ్వాడు. ఆయన పళ్లు నేను చూడటం అదే మొదలు. నన్నడగకుండానే మూడు గడలు తీసుకొని ఒకేసారి రోలర్ల మధ్య పెట్టాడు. పటపటమని నలిగాయి. కింద తొట్టిలోకి చెరకు పాలు పడ్డాయి, నురగతో. నంజమ్మ ఒక లోటా పట్టి, నేల మీద మూడు చుక్కలు వదిలి, మిగిలింది మొగుడి నోటి దగ్గర పెట్టింది. ఆయన చేతులు ఖాళీ లేవు, ఇంకో మూడు గడలు పెడుతూనే తాగాడు. "తియ్యగా ఉండాది మేస్త్రీ," అన్నాడు.

అప్పుడు బల్బు ఎర్రబడింది.

ఒక్కసారిగా, ఎవరో పీక పట్టుకున్నట్టు, లోపలి తీగ మాత్రం నిప్పుకణికలా కనబడేంతగా ఎర్రబడింది. ఏం జరిగిందో నాకు వెంటనే అర్థం కాలేదు. బల్బు వైపే చూస్తూ నిలబడ్డాను. గుయ్యిమనే చప్పుడు లోతుకు దిగిపోయింది. చక్రం ఆకులు విడివిడిగా కనబడటం మొదలైంది. రోలర్ల మధ్య చెరకు కరిచి పట్టుకొని ఉంది. నాలుగైదు సెకన్లలో అంతా ఆగిపోయింది. ఆగిన మోటారుకు కరెంటు మాత్రం ఆగలేదు, ఆపాల్సిన రిలేను నేనే కట్టేశాను కదా. నేను పరుగెత్తి ఎర్ర బటన్ నొక్కేసరికి తీగల మీది వార్నీషు కాలిన పొగ ముఖానికి కొట్టింది. అదే నిమిషంలో పొలాల అవతల ట్రాన్స్‌ఫారం దిమ్మె దగ్గర బాంబు పేలినట్టు చప్పుడైంది. బల్బు పూర్తిగా ఆరింది.

పది నిమిషాల్లో అందరూ పరిగెత్తుకుంటూ వచ్చారు. ఒక్కొక్కరూ వచ్చీరాగానే చెప్పిన మాట ఒకటే, మేము మాట తప్పలేదని. "గానుగ అందుకున్న చప్పుడు ఇన్నెంకనే ఏసినా మేస్త్రీ, గంగమ్మ సాక్షి," అంది చెంగమ్మ, ఆయాసపడుతూ. మునెప్ప ఒక్కొక్కరినీ నిలదీశాడు. ఎవరూ ముందు వేయలేదు. ఎవరూ ఆలస్యం కూడా చేయలేదు. రెండు నిమిషాలు ఆగిన మనుషులు, చేతులు బటన్ల దగ్గరే పెట్టుకొని ఉన్నారు. చప్పుడు వినబడగానే పంతొమ్మిది మందీ ఒకే క్షణంలో నొక్కారు.

పొగ ఇంకా తగ్గలేదు, నేను ఆ షెడ్డులో నిలబడి ఉన్నాను, అప్పుడే నాకు తెలిసిపోయింది. ఒక్కో మోటారు స్టార్టయ్యేటప్పుడు నడిచేటప్పటికంటే ఆరింతల కరెంటు తాగుతుంది. అది ఒకటో తరగతి పాఠం. మామూలు రోజుల్లో ఒకడు ఆరుకొస్తాడు, ఒకడు ఎద్దులకు గడ్డేసి ఆరున్నరకొస్తాడు, ఇంకొకడు బీడీ తాగి తీరిగ్గా వస్తాడు. ఎవరికి తోచినప్పుడు వాళ్లు వేసుకునే ఆ గందరగోళమే ఆ ట్రాన్స్‌ఫారాన్ని ఇన్నేళ్లు బతికించింది. దానికి నేను వరస నేర్పాను. ఎలా స్టార్టు చేయాలనే ఆలోచించాను కానీ, స్టార్టయిన గానుగ తిరుగుతూ ఎలా ఉంటుందని ఆలోచించలేదు. ఒకరి తర్వాత ఒకరు వేసుకోండి అని ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. చెప్పలేదు. వాళ్లు మాట తప్పే మనుషులైనా బాగుండేది.

గుంపులో ఎవరో అన్నారు, "అంత పెద్ద గానుగ తగిలిస్తే ట్రాన్స్‌ఫారం తట్టుకుంటాదా? అప్పుడే అనుకున్యా." ఇంకొకడు అందుకున్నాడు. మునిరాజు అనేవాడు నా వైపు తిరిగి సూటిగా అడిగాడు. "గానుగ వల్లనే కదా మేస్త్రీ?"

అందరూ నన్నే చూశారు. చెప్పడానికి నోరు తెరిచాను. నన్ను అప్పటిదాకా ఎవరూ ఒక్కసారి కూడా తప్పు పట్టలేదు.

"లోడు ఎక్కువయింది," అన్నాను.

అబద్ధం కాదు. అందుకే అంత సులభంగా వచ్చింది.

ట్రాన్స్‌ఫారం మార్చడానికి కరెంటోళ్లకు ఇరవై మూడు రోజులు పట్టింది. జిల్లా అంతా కాలిన ట్రాన్స్‌ఫారాలే, ఎవరి వంతు వాళ్లకు రావాలి. కొట్టిన చెరకు నాలుగో రోజుకు పులిసిన వాసన మొదలుపెట్టింది. నరసింహప్పకున్న రెండు పుంగనూరు పొట్టి ఆవులూ తినగలిగినంత తిని ముఖం తిప్పుకున్నాయి. కొట్టకుండా నిలబెట్టిన ముక్కాలెకరం నీళ్లు లేక మొదలంటా ఎండింది. ఆయనది ఒక్కటే అయితే ఊరు జాలిపడేది. పంతొమ్మిది మంది పైర్లూ ఎండాయి. చెంగమ్మ టమేటా మడి నిప్పు పెట్టినట్టు మాడిపోయింది. జాలి పడాల్సిన నోళ్లన్నీ నరసింహప్పనే తిట్టాయి. వాని గానుగకు మేం ఆగినందుకు మాకు ఈ గతి పట్టిందని అన్నారు. మునెప్ప కూడా మాట్లాడటం మానేశాడట. బడ్డీ కొట్టు దగ్గర ఆయన కూర్చుంటే మిగతావాళ్లు లేచిపోయేవాళ్లట. ఇవన్నీ నా షాపుకు వచ్చిపోయేవాళ్లు చెప్పారు. నేను తీగ చుడుతూ విన్నాను.

ఆ మోటారుకు కొత్త తీగ చుట్టి పెట్టాను. పైసా తీసుకోకూడదనుకున్నాను. ఒకసారి ఆ పల్లెకు పోయి మునెప్ప కొట్టంలో అందరినీ కూర్చోబెట్టి చెప్పేయాలని కూడా అనుకున్నాను. సదుం బస్సు ఎక్కాను కూడా. సదుంలో దిగి, టీ తాగి, వచ్చిన బస్సులోనే వెనక్కొచ్చేశాను. ఏప్రిల్‌లో నరసింహప్ప షాపుకొచ్చాడు. గానుగను మదనపల్లె పాత ఇనుము వాళ్లకు తోలేశానని, ఆవులను అమ్మేశానని చెప్పాడు.

"మోటారు నువ్వే పెట్టుకో మేస్త్రీ. నాకు దాంతో ఏం పని? నువ్వు నా కోసరం శానా తిరిగినావు," అన్నాడు.

నాకు ఆయన మీద కోపమొచ్చింది. నిజంగా వచ్చింది. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టి, ఆ ఊపులో నిజం కక్కేసేవాణ్ణేమో. తిట్టలేదు. నమస్కారం పెట్టి కుప్పం బస్సు ఎక్కాడు.

రెండేళ్లు గడిచాయి. కుప్పంలో ఒక గ్రానైటు ఫ్యాక్టరీ వాళ్లు పిలిస్తే పోయాను. రాళ్లను పలకలుగా కోసే యంత్రానికి అరవై హార్స్‌పవర్ మోటారు, దాని బేరింగు మార్చాలి. పని అయ్యాక స్టార్టు చేసి చూపించాను. వాళ్లకు సొంత ట్రాన్స్‌ఫారం ఉంది. ఎవరినీ ఆగమని అడిగే పని లేదు, అంత పెద్ద చక్రమూ ఊరికే అందుకుంది.

వెనక రాతిబురదలో నిలబడి పలకల మీద నీళ్లు కొడుతున్న మనిషి పైపు కింద పెట్టి నా దగ్గరకు వచ్చాడు. జుట్టూ కనుబొమ్మలూ రాతిపొడితో తెల్లబడి ఉన్నాయి. మాట్లాడేదాకా పోల్చుకోలేకపోయాను.

"మేస్త్రీ, బాగుండావా? విజయమ్మ బాగుండాదా?"

బాగున్నామన్నాను. నంజమ్మ కూడా అక్కడే పని చేస్తోందట, గేటు దగ్గర టీ కాచి కూలీలకు పోస్తోందట. ఊరికి మళ్లీ పోలేదట. పోతే ఎవరు పలకరిస్తారు అన్నాడు. కొంచెంసేపు నా సంచీ వైపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"నిన్ను ఒగటి అడగల్లని రెండేండ్ల నుంచి అనుకుంటాండా. ఆ పొద్దు నేను మూడు గడలు ఒకటేసారి పెట్టినా కదా. ఒగటి ఒగటిగా పెట్టింటే గానుగ నిలబడేదా?"

నేను సంచీ మూతి బిగించాను.

"నంజమ్మ అదే అంటాది. ఆత్రం పడి నువ్వే సెడగొట్టినావు, నీ వల్ల ఊరంతా ఎండిపాయె అంటాది. దినమూ అంటాది. నీకైతే తెలుసు మేస్త్రీ, మోటార్ల సంగతి నీకు తెలియనిదేముండాది. నా తప్పు కాదని నువ్వొక మాట సెప్తే ఆయమ్మ నమ్ముతాది. నా మాట నమ్మదు."

మూడు గడలు ఆ గానుగకు ఒక లెక్క కాదు. నిండు ఓల్టేజిలో ఆరు పెట్టినా నమిలి ఉమ్మేసేది. "నీ తప్పు కాదన్నా" అని నేను అంటే చాలు, ఆ ఒక్క మాట కోసం ఆ మనిషి రెండేళ్లుగా కాచుకొని ఉన్నాడు. కానీ కాదంటే ఆయన అక్కడితో ఆగుతాడా? మరి గానుగ ఎందుకు ఆగింది మేస్త్రీ అని అడుగుతాడు. ఆయన కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి.

"ఒగటొగటిగా పెట్టిండాల్సిందన్నా," అన్నాను.

ఆయన తల ఊపాడు. చాలాసేపు ఊపాడు. "అనుకుంటానే ఉండా," అన్నాడు. "సరేలే. తెలిసింది కదా, అది సాలు. రా, టీ తాగి పోదువుగానీ."

వద్దంటే వినలేదు. భుజం మీద చెయ్యి వేసి గేటు దగ్గరకు తీసుకుపోయాడు. నంజమ్మ సగం నెరిసింది. నన్ను చూసి కొంగు భుజం మీదకు లాక్కొని, అడగకుండానే గ్లాసు కడిగి టీ పోసింది. నరసింహప్ప ఆమెతో, నేను వింటుండగానే చెప్పాడు. "మేస్త్రీని అడిగినానే. నువ్వు సెప్పిందే నిజమంట. తప్పు నాదేనంట."

ఆమె గ్లాసు నా చేతికిచ్చింది.

"నువ్వొకనివన్నా నిజం సెప్పినావు నాయనా," అంది.